బాగుచేశాం, కాపాడలేదు

కోయంబత్తూరు తెలుగువాళ్లం మేం ఒక విషయంలో బాగా గొప్పలు పోతాం. ఎలాంటి యంత్రమైనా మా చేతికొస్తే చెప్పిన మాట వింటుందని మా నమ్మకం. దానికి ఆధారాలూ లేకపోలేదు. పొల్లాచ్చి, పళని మధ్య 1920లో ఒక్క బస్సుతో, తనే డ్రైవరై మొదలుపెట్టి, యూఎంఎస్ అనే పెద్ద బస్సు సంస్థను కట్టిన జి.డి. నాయుడు మావాడు. ఆయనా, డి. బాలసుందరం నాయుడూ కలిసి 1937లో దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారును ఇక్కడే తిప్పారు. లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ మారుతీ ఇంజన్లతో రేసు కార్లు తయారుచేయించి కుర్రాళ్లను ట్రాక్ ఎక్కించాడు. చెట్టిపాళయంలోని స్పీడ్‌వేకి ఆయన పేరే పెట్టారు. గాంధీపురం బస్టాండులో దిగి సత్యమంగళం రోడ్డు పట్టుకుని గణపతి వైపు వెళ్తే ఇప్పటికీ సందుకో లేత్ చప్పుడు వినిపిస్తుంది. బంధువులెవరైనా విజయవాడ నుంచో నెల్లూరు నుంచో వస్తే మేం ముందు చూపించేవి ఇవే.

చూపించనివి కొన్నున్నాయి. ఒకప్పుడు మిల్లు బంగళాల్లో, తోట ఇళ్లలో, ఆనైమలై, నీలగిరి ఎస్టేట్లలో ఠీవిగా తిరిగిన అమెరికన్ కార్లు, అందులోనూ వెనకంతా ఖాళీ ఉండే స్టేషన్ వేగన్లు, ఒక్క తరంలో మా చేతుల్లోంచి జారిపోయాయి. స్పేర్లు దొరకలేదంటాం. పెట్రోలు ధర మింగేసిందంటాం. సర్కారు దిగుమతులు ఆపేసిందంటాం. అన్నీ నిజాలే. ఆ నిజాల చాటున మేం దాచుకున్నది ఇంకొకటుంది. ఆ బళ్లలో చాలావాటిని మేమే రిపేరు చేసి చేసి చంపాం. ఇది ఎవరో ఒకరు చేసిన తప్పు అయితే పేరు చెప్పి ఊరుకునేవాణ్ని. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ఓనరు దగ్గర్నుంచి బ్రోకరు దాకా అందరం పంచుకున్న పాపం ఇది. అందుకే లెక్క అప్పజెప్పాల్సి వస్తోంది.

ముందు స్టేషన్ వేగన్ సంగతి. రైలు దిగిన మనుషుల్నీ వాళ్ల పెట్టెల్నీ స్టేషను నుంచి ఇంటికి చేర్చడానికి అమెరికాలో పుట్టిన బండి ఇది. పేరు అలా వచ్చిందే. ఫోర్డ్ కంపెనీ 1929లో మోడల్ ఏ మీద దీన్ని తన ఫ్యాక్టరీ బండిగా తయారుచేయడం మొదలుపెట్టింది. కలప మిషిగన్ రాష్ట్రంలోని ఐరన్ మౌంటెన్ దగ్గర కంపెనీ సొంత అడవులది. ఆ రోజుల్లో వెనకభాగమంతా చెక్కే. పడవకు చేసినట్టు ఏటా వార్నిషు వేయాలి, లేకపోతే కీళ్లు వదులై కిర్రుకిర్రుమంటాయి. 1946లో విల్లీస్ కంపెనీ ఉక్కు బాడీతో జీప్ స్టేషన్ వేగన్ తెచ్చింది. 1949లో ప్లిమత్ ఉక్కు సబర్బన్ వచ్చాక చెక్క బళ్ల కాలం అయిపోయింది. 1950లు, 60లు వీటికి స్వర్ణయుగం. 1984లో క్రైస్లర్ మినీవ్యాన్ వచ్చి దెబ్బకొట్టింది. 1996తో షెవర్లే, బ్యూయిక్‌లు పెద్ద వేగన్లు చేయడం మానేశాయి. పుట్టినచోటే పోయిన బండి. మా ఊళ్లో మిగిలి ఉండుంటే దానికి ఎంత విలువ ఉండేదో ఊహించుకోవచ్చు.

అమెరికన్ బళ్లు ఇక్కడికి వచ్చిన దారి కూడా చెప్పాలి. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి సెవ్రీలో షెవర్లేలు బిగించడం మొదలుపెట్టింది. ఫోర్డ్ బొంబాయి, మద్రాసు, కలకత్తాల్లో బిగించింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో కుర్లాలోని ప్రీమియర్ వాళ్లు డాడ్జ్, ప్లిమత్‌లు బిగించారు. హిందుస్థాన్ మోటార్స్ స్టూడిబేకర్లు బిగించింది, మహీంద్రా జీపులు బిగించింది. దేశంలో తయారుచేసే పథకం ఉన్నవాళ్లకే చోటని ప్రభుత్వం తేల్చాక జనరల్ మోటార్స్, ఫోర్డ్ 1953, 54ల్లో మూటాముల్లె సర్దుకున్నాయి. ఆ తర్వాత కొన్నేళ్లకు, ఇంకో అమెరికన్ బండి కావాలంటే ఎంబసీవాళ్లు వాడి వదిలేసినవి స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా కొనుక్కోవాల్సిందే. అంటే అప్పటికే మాకు స్పష్టంగా తెలుసు, ఉన్నవే ఉన్నవని. కొత్తవి రావని తెలిసిన వస్తువును జాగ్రత్త చేసుకోవడం మామూలు గృహస్థుకు కూడా తెలిసిన పని. మేం జాగ్రత్త చేయలేదు.

మా కుటుంబాలకి వేగన్ లాంటి బండి ఇంకోటి లేదు. ఉమ్మడి కుటుంబాలు. పళని వెళ్లాలన్నా, మరుదమలై ఎక్కాలన్నా, ఊటీ చలికి పోవాలన్నా, ముందు పెద్దలు, మధ్యలో ఆడవాళ్లు, వెనక పిల్లలు, పులిహోర గంపలు. తమిళనాట సొంత కారును ప్లజర్ కారు అనేవాళ్లు. వేగన్ అయితే ప్లజరుకీ పనికొస్తుంది, పత్తి నమూనాల మూటలకీ పనికొస్తుంది. పని బండి కాబట్టే దాన్ని ఎవరూ ముద్దుచేయలేదు. సెడాన్‌కి మఖ్‌మల్ తొడుగు, వేగన్‌కి గోనెపట్టా. మా నిర్లక్ష్యానికి మొదటి మెట్టు ఇదే. విలువైనదని మేం అనుకున్నది మెరిసేదాన్నే. మోసేదాన్ని బళ్ల లెక్కలోనే వేయలేదు.

ఇక మేం చేసిన ఘనకార్యాల్లో పెద్దది డీజిల్ పెట్టడం. 1973 చివర్లో అరబ్బు దేశాలు చమురు బిగించాక పెట్రోలు ధర ఎగిరింది. ఆరు సిలిండర్ల అమెరికన్ ఇంజన్ తాగే పెట్రోలు చూసి ఇళ్లలో గొడవలు. అప్పుడు ప్రతి వర్క్‌షాపులోనూ ఒకటే సంభాషణ. మేస్త్రి అనేవాడు, "ఈ ఇంజను ఇంకా పదేళ్లు తిరుగుతుంది ముదలాళీ, బేరింగు పోయించి రింగులు మారిస్తే చాలు." ముదలాళి, అంటే ఓనరు, అనేవాడు, "అదంతా వద్దప్పా, పెర్కిన్స్ పెట్టెయ్." మద్రాసులో సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు తయారుచేస్తోంది. దొరకడం సులువు, ఖర్చు తక్కువ. సరే పెట్టేశాం.

పెట్టడమంటే ఏమిటో చెప్తాను. లోపల ఇంజన్ కూర్చోవాలంటే చాసిస్ అడ్డపట్టీ ఒకటి గ్యాసు కట్టింగుతో కోసేయాలి. గేర్‌బాక్సుకూ ఇంజనుకూ మధ్య లేత్ మీద చేసిన ప్లేటు వేయాలి. డీజిల్ ఇంజను బరువు, ముందు స్ప్రింగులు అణుగుతాయి. కాబట్టి మరో ఆకు చేర్చాలి. ఆ ఇంజను తిరిగే వేగం తక్కువ కనుక ఎత్తు గేరులో కూడా బండి నత్తనడకే. దాని వణుకు బాడీ అంతా పాకి అద్దాల చుట్టూ, వెనక తలుపు కీళ్ల దగ్గర పగుళ్లు తెస్తుంది. వేగన్‌కి వెనక పెద్ద తలుపు, పొడుగు పైకప్పు. వణుకు ముందు అక్కడే పట్టుకుంటుంది. ఇంత చేసి, తీసేసిన అసలు ఇంజన్‌ను ఏం చేశాం? షెడ్డు మూల రెండేళ్లు ఉంచి కాయలాన్ కడైలో, అంటే పాత ఇనుము కొట్లో, బరువు లెక్కన అమ్మేశాం. మైలేజీ పెరిగిందని పెళ్లిళ్లలో చెప్పుకున్నాం. పని నైపుణ్యం నిజంగానే గొప్పది. ఆ నైపుణ్యమే బండిని బండి కాకుండా చేసింది.

ఆ బిల్లు చాలా ఏళ్ల తర్వాత ఇంటికొచ్చింది. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, సొంత వాడకానికే ఉన్న బండికి 'వీఏ' అనే అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, తర్వాత మళ్లీ రిజిస్టర్ చేయించుకోవడానికి 5,000. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి. చాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మా షెడ్లలో మిగిలిన కొద్ది బళ్లలో ఈ షరతుకు నిలిచేవెన్ని? చాసిస్ కోశాం, ఇంజను మార్చాం. మా తెలివితేటలే మమ్మల్ని అనర్హుల్ని చేశాయి. డీజిల్ పెట్టిన రోజున కూర్చుని లడ్డూలు పంచుకున్నవాళ్లం, ఆర్టీఓ ఆఫీసు మెట్లమీద తలవంచుకుని దిగాల్సిందే.

రెండో నేరం ఇంకా తెలివిమాలినది. ఏ వేగన్‌నైనా సగానికి గీత గీసి చూడండి. ముందు సగం, అంటే ఇంజను, గేరు, ముందు తలుపులు, మడ్‌గార్డులు, బానెట్, దాదాపు అదే ఏటి సెడాన్‌దే. వెనక సగం మాత్రం వేగన్ సొంతం. పక్క అద్దాలు, వాటి రబ్బరు గాడులు, పైకప్పు రేకు, కిందికి దిగే వెనక తలుపు, దాని పట్టీ, తాళం. వేగన్లు తక్కువ, సెడాన్లు ఎక్కువ. యాక్సిడెంటయిన సెడాన్‌కి మడ్‌గార్డు కావాలంటే షెడ్డులో నిలబడ్డ వేగన్‌ను తెరిచి ముందు సగం అమ్మాం. ముందు సగం పోయాక వెనక సగానికి పనేముంది? అది కూడా ఇనుముకే. ఉక్కడం కొట్లలో ఏ తలుపు కావాలన్నా దొరికే రోజుల్లో కూడా వేగన్ వెనక అద్దం దొరికేది కాదు. ఎందుకు దొరుకుతుంది, ముక్కలు చేసి పంపింది మేమే కదా.

దీనికి తోడు కుడి స్టీరింగ్ సంగతి. అమెరికాలో ఈ రోజున 1950ల షెవర్లేకి కావలసిన దాదాపు ప్రతి వస్తువూ కొత్తగా తయారుచేసి అమ్మేవాళ్లున్నారు. రబ్బరు, అద్దం, బంపరు, అన్నీ. అవన్నీ ఎడమ స్టీరింగు బళ్లకి. ఇండియాకు వచ్చినవి కుడి స్టీరింగువి. ఫోర్డ్ ఇండియా అయితే అసలు అమెరికా ఫోర్డ్‌కు కాదు, కెనడా ఫోర్డ్‌కు అనుబంధ సంస్థ. కుడివైపు డాష్‌బోర్డు, స్టీరింగ్ పెట్టె, పెడల్ కడ్డీలు అమెరికాలో అడిగినా దొరకవు. మాకు దిక్కు మా దగ్గర ఉన్నవే. ఆ సంగతి గమనించిన ఓనర్లు ఎందరు? స్టీరింగ్ పెట్టె అరిగిందని జీపుది తగిలించి, అసలుదాన్ని పారేశాం. ప్రపంచంలో కరువైన వస్తువును, మా ఊళ్లో మేమే కరువు చేశాం.

నేను అన్నిటికంటే సిగ్గుపడే విషయం బళ్ల గురించి కాదు. చేతుల గురించి. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి.

1952 దాకా షెవర్లే కార్లలో వచ్చింది 216 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను. అందులో కనెక్టింగ్ రాడ్‌కి ఇప్పటిలా పెట్టి తీసే బేరింగ్ చిప్పలుండవు. రాడ్ పెద్ద కంట్లో నేరుగా వైట్ మెటల్ పోసి ఉంటుంది. రాడ్‌కి ఆయిలు కూడా ఒత్తిడితో రాదు. రాడ్ అడుగున చిన్న గరిటె ఉంటుంది, అది తిరిగినప్పుడల్లా ఆయిలు చిమ్మును పట్టుకుంటుంది. ఆయిలు పలచబడినా, మట్టం తగ్గినా, బండిని అదే పనిగా వేగంగా తోలినా ఆ మెటల్ చెదిరిపోతుంది. టకటకమనే చప్పుడు వస్తుంది. అప్పుడు మేస్త్రి దగ్గరికి వెళ్లాలి.

మేస్త్రి చేసేది ఇది. పాత మెటల్ కరిగించి తీసేస్తాడు. రాడ్ కంటిని యాసిడ్‌తో కడిగి తగరం పూత పూస్తాడు. పూత సరిగా పట్టకపోతే కొత్త మెటల్ అతుక్కోదు. రాడ్‌ను వేడిచేసి, నడుమ ఇనుప కడ్డీ నిలబెట్టి, కరిగిన మెటల్‌లో సన్నని కర్రపుల్ల ముంచి చూస్తాడు. పుల్ల సరైన రంగుకి మాడితే పోయాలి, తక్కువైతే ఆగాలి. చేతిలో థర్మామీటరు లేదు. పోయడం ఒక్క ధారలో అయిపోవాలి. మధ్యలో చెయ్యి ఆగితే పొర పడుతుంది. చల్లారాక బోరు చేసి, క్రాంక్ షాఫ్టుకి నీలిరంగు పూసి బిగించి తిప్పి, రంగు అంటిన ఎత్తులు మాత్రమే స్క్రేపరుతో గీకుతాడు. మళ్లీ బిగించి, మళ్లీ తిప్పి, మళ్లీ గీకి. క్యాప్ మధ్య పలచని షిమ్ములు తీసి, పెట్టి, చివరికి రాడ్‌ను వేలితో తోస్తే సరైన బిగువుతో కదలాలి. ఆ బిగువు ఎంతో చెప్పడానికి అంకె లేదు. అతని వేలికి తెలుసు.

ఆ వేలిని మేం ఏం చేశాం? కూలి దగ్గర బేరమాడాం. "సాయంత్రానికి అవుతుందా లేదా" అని గదిమాం. ఆ పని ఎలా చేస్తారో ఒక పుస్తకంలో రాయలేదు, బొమ్మ గీయలేదు, ఫోటో తీయలేదు. మా ఇళ్లలో ముత్తాత మిల్లు పెట్టిన సంవత్సరం, శంకుస్థాపనకు వచ్చిన గవర్నరు పేరు అన్నీ నోటికి వస్తాయి. మా కారుకి ఇరవై ఏళ్లు మెటల్ పోసినవాడి ఇంటిపేరు ఎవరికీ తెలియదు. 'మేస్త్రి' అంటే సరిపోయింది. అతను కన్నుమూసిన రోజున మాకు కబురు కూడా రాలేదు, వచ్చేంత దగ్గరితనం మేం పెట్టుకోలేదు.

ఇక్కడ 'మేం' అన్న మాట మీద కూడా నన్ను నిలదీయాలి. షెడ్డు మాది. చెయ్యి చాలాసార్లు ఇంకొకరిది. ముస్లింలు, ఆచారులు, అన్ని కులాల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆ వర్క్‌షాపుల్లో నూనె మరకల మధ్య పెరిగారు. ఈ జిల్లాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లంటే మిల్లు నాయుళ్లే గుర్తొస్తారు. కానీ దళితులైన అరుంధతియర్లలో ఎందరో తరాలుగా తెలుగే మాట్లాడుతున్నారు. మా సంఘాల సభల్లో, మా వార్షికోత్సవ సంచికల్లో వాళ్లకు చోటు లేదు. యంత్ర నైపుణ్యం తెలుగు జాతి రక్తంలో ఉందని వేదికలెక్కి చెప్పే మేం, ఆ నైపుణ్యం అసలు ఎవరి చేతుల్లో ఉందో చూడటానికి కూడా ఇష్టపడలేదు.

జి.డి. నాయుడు ఈ తప్పును ముందే పసిగట్టినవాడు. ఒక దొర మోటార్‌సైకిల్‌ను కొని, విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నవాడు ఆయన. 1945లో ఆయన దాతృత్వంతో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాలయాలు మొదలయ్యాయి. ఇప్పటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల మూలం అక్కడే. నాలుగేళ్ల చదువు కాలయాపన, రెండేళ్లు చాలునని వాదించి, ప్రభుత్వం ఒప్పుకోకపోతే ప్రిన్సిపాల్ పదవి వదులుకున్నాడు. ఆయన మాటలో అతి ఉందనుకున్నా, చేత్తో ముట్టుకోకుండా చదువు రాదన్న పట్టుదల అందులో ఉంది. మేం ఆయన బొమ్మకు దండ వేసి, ఆయన మాటను పక్కన పెట్టాం. పిల్లల్ని పీఎస్‌జీ, సీఐటీ ఇంజనీరింగ్ కాలేజీలకు పంపాం. చదువు మంచిదే, వాళ్లు పైకొచ్చారు. వాళ్లలో కొందరు డెట్రాయిట్ దాకా వెళ్లి అక్కడి కార్ల కంపెనీల్లో కూర్చున్నారు. అదే డెట్రాయిట్‌లో తయారైన బండి ఇక్కడ షెడ్డులో ఇటుకల మీద నిలబడి ఉంటే, సెలవుల్లో వచ్చినప్పుడు ఫోటో దిగి వెళ్లారు. ఒక్క వేసవి సెలవులు మేస్త్రి దగ్గర కూర్చుని కింగ్ పిన్ బుష్ రీమింగ్ నేర్చుకో నాయనా అని మేం ఏ పిల్లాడికీ చెప్పలేదు. నేర్చుకుంటానన్నవాణ్ని తిట్టాం కూడా.

రిపేరు, సంరక్షణ ఒకటే అనుకోవడం మా మూల దోషం. రిపేరులో నాటకం ఉంది. బండి ఆగింది, మేస్త్రి వచ్చాడు, బానెట్ ఎత్తాడు, చుట్టూ జనం, స్టార్టయింది, చప్పట్లు. మేం ఆ చప్పట్ల మనుషులం. సంరక్షణలో నాటకం లేదు. వెయ్యి మైళ్లకోసారి ముందు యాక్సిల్ కింద దూరి గ్రీజు నిపుల్స్ అన్నిటికీ గన్ పట్టాలి. రెండేళ్లకోసారి బ్రేక్ ఫ్లూయిడ్ అంతా తీసి కొత్తది పోయాలి. ఆ రోజుల బళ్లలో బ్రేకుకి ఒకటే పైపు దారి, ఒక్క చక్రంలో రబ్బరు కప్పు కారితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. 6 వోల్టుల బండికి లావు కేబుల్ వేయాలి; 12 వోల్టుల బండి సన్న కేబుల్ వేసి, స్టార్టర్ మూలుగుతుంటే బ్యాటరీని తిట్టుకోవడం మా అలవాటు. వెనక తలుపు చుట్టూ రబ్బరు ఎండిందేమో చూడాలి. ఇది వేగన్‌కి ప్రాణాల మీది మాట. బండి పరుగెడుతుంటే వెనక గాలి సుడి తిరిగి సైలెన్సర్ పొగను వెనక్కి లాగుతుంది. వెనక అద్దం దించి తోలితే, లేదా రబ్బరు చీలి ఉంటే, ఆ పొగ లోపలికే వస్తుంది. వెనక కూర్చునేది పిల్లలు. ఊటీ నుంచి తిరిగొచ్చేటప్పుడు పిల్లలు వరసగా వాంతులు చేసుకుంటే ఘాట్ రోడ్డుకు పడలేదని, దిష్టి తగిలిందని అనుకున్నాం. ఒక రబ్బరు పట్టీ మార్చాలని ఎవరికీ తట్టలేదు.

ఏడాదికోసారి మాత్రం తప్పకుండా చేసేది ఒకటుంది, ఆయుధ పూజ. బండి కదలకపోయినా సరే, పైపు పెట్టి దండిగా కడుగుతాం. గంధం, కుంకుమ, అరటి పిలకలు, చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ. కడిగిన నీళ్లు వెనక తలుపు అడుగున, సిల్లు లోపల నిలిచిపోతాయి. అడుగు రంధ్రాల్లో మట్టి కూరుకుపోయి ఉంటుంది, వాటిని పుల్లతో పొడవరు. పండగ మర్నాడు తలుపు మూసేస్తే మళ్లీ ఏడాది దాకా తెరవరు. చాలా వేగన్ల వెనక తలుపుల్ని తుప్పు తినేసింది ఇలాగే. భక్తిలో లోటేమీ లేదు. నీళ్లు తుడవడానికే ఓపిక లేకపోయింది.

కాలం మారినప్పుడు బండికి చేయాల్సిన మార్పులు కూడా ఇలాగే వదిలేశాం. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలు. పాత ఇంజన్ల వాల్వ్ సీట్లకు ఆ సీసమే మెత్తగా ఉండి కాపాడేది. అది పోయాక గట్టి సీట్లు వేయించాలి. వేయించకుండా తోలి, వాల్వులు కుంగి కంప్రెషన్ పోతే, పాత బండి ఇంతేనన్నాం. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్. పాత పెట్రోలు పంపు డయాఫ్రమ్‌ను, రబ్బరు పైపుల్ని అది నానబెట్టి తింటుంది, నీటిని పీల్చుకుని ట్యాంకును తుప్పు పట్టిస్తుంది. ఇథనాల్‌కు ఆగే రబ్బరు మార్కెట్లో దొరుకుతుంది, ఖరీదు కూడా పెద్దదేమీ కాదు. ఎవరు మార్చారు?

ఈ మాటలంటే మావాళ్లు రెండు సమాధానాలు చెప్తారు. ఒకటి, అవినాశి రోడ్డులో జి.డి. నాయుడు కుటుంబం కట్టిన జీడీ కార్ మ్యూజియం చూడలేదా అని. చూశాను. 2015లో తెరిచిన ఆ మ్యూజియం నిజంగా గొప్ప పని. కానీ అది ఒక కుటుంబం చేసిన పని. ఆదివారం పూట పిల్లల్ని తీసుకెళ్లి ఫోటోలు తీసుకుని, సమాజం బాధ్యత తీరిపోయిందని అనుకోవడానికి దాన్ని అడ్డం పెట్టుకోవడం మా సోమరితనం. రెండోది, డబ్బు. పేదవాళ్లం కాబట్టి పోగొట్టుకున్నామంటారు. క్యూబాను చూడండి. అమెరికా వ్యాపార నిషేధం వల్ల 1960 తర్వాత హవానాకు ఒక్క అమెరికన్ విడి భాగం చట్టబద్ధంగా రాలేదు. మాకంటే డబ్బు లేనివాళ్లు. వాళ్లు కూడా రష్యన్ ఇంజన్లు పెట్టారు, డీజిల్ పెట్టారు, మా కంటే ఘోరంగా అతుకులు వేశారు. అయినా 1950ల బళ్లు ఇప్పటికీ అక్కడ టాక్సీలుగా తిరుగుతున్నాయి. వాళ్లు బండిని ఇనుము లెక్కన చూడలేదు, రేపటి అన్నంగా చూశారు. మాకు రేపటికి అంబాసిడర్ ఉంది, ఎల్లుండికి మారుతీ వచ్చింది. డబ్బు లేక కాదు, ఉండి పోగొట్టుకున్నాం.

మదురై తెలుగువాళ్లు మమ్మల్ని చూసి నవ్వుకోనవసరం లేదు. నాయక రాజుల కాలం నుంచి అక్కడ స్థిరపడ్డ వాళ్లు. టీవీఎస్ బస్సులు తిరిగిన ఊళ్లో, ఇదే పాపానికి వాళ్ల పిడికెడూ ఉంది. హైదరాబాదు, బెజవాడ సంగతి అక్కడివాళ్లే లెక్క చూసుకోవాలి.

ఇప్పటికైనా చేయగలిగినవి ఉన్నాయి, వాటికి విగ్రహాలు, సభలు అక్కర్లేదు. మిగిలిన ప్రతి అమెరికన్ బండి చాసిస్ నంబరు, ఇంజన్ బ్లాక్ మీది అంకెలు ఒక చోట రాసుకోవాలి. వెనక తలుపు, పక్క అద్దం, కుడి స్టీరింగ్ పెట్టె లాంటివి ఉన్నచోట కొలిచి, బొమ్మ గీసి, అడిగినవాళ్లకు ఇవ్వాలి. ఫౌండ్రీలూ ప్యాటర్న్ చేసేవాళ్లూ మా ఊళ్లో వీధికొకరున్నారు. బొమ్మ ఉంటే పోత పోయడం పెద్ద పని కాదు. డీజిల్ పెట్టిన బళ్లను కూడా పారేయక్కర్లేదు, ఏది ఎప్పుడు మార్చామో నిజాయితీగా రాసిపెడితే చాలు. అన్నిటికంటే ముందు, మెటల్ పోయడం తెలిసిన ముసలి మేస్త్రులు ఇంకా ఎవరైనా ఉంటే, వాళ్ల దగ్గరికి వెళ్లి, గంటకి ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్‌కి ఇచ్చేంత ఫీజు ఇచ్చి, పక్కన ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టి, ఆ పని వీడియో తీయాలి. పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అన్నీ రాయాలి.

ఇవి చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, నిధి కూడా పెద్దగా అక్కర్లేదు. మా ఇళ్లలో ఒక పెళ్లి మండపం అద్దెతో ఇలాంటి ముగ్గురు మేస్త్రుల ఏడాది జీతం వస్తుంది. అయినా వచ్చే ఏడు మళ్లీ మండపమే బుక్ చేస్తామని నాకు అనుమానంగా ఉంది. ఆ అనుమానం తప్పని చూపించే పూచీ నాతో సహా మా అందరి మీదా ఉంది. చూపించలేకపోతే, యంత్రాలు మా మాట వింటాయని ఇకమీదట చుట్టాల ముందు చెప్పుకోవడం మానేయాలి.